పప్పులో కాలు

మా తకువారెంబోలో
గడ్డి తినేది ఆవులు,
ఆవుల్ని తినేది మనుషులు.
నేను ముప్పై రెండేళ్లు
ఆ వరస మధ్యలో
కత్తి పట్టుకుని నిలబడ్డాను.

కీలు ఎక్కడుందో వేళ్లే చెప్పేవి.
ఏ ముక్క ఏ ఇంటి ఆదివారానికో,
ఎవరు అప్పు పెడతారో,
అన్నీ చేతి లెక్కే.

ఆ వేళ్లకే ఓ మార్చి నెలలో
స్నానాలగదిలో
బఠాణీ గింజంత తగిలింది.
కీలు కాదది. నాకు తెలుసు.

ఎడమవైపు కోశారు.
కట్టు విప్పిన రోజు అద్దం ముందు నిలబడి
వృత్తిరీత్యా చూశాను.
శుభ్రమైన కోత. ఒక్క వంకర లేదు.
ఆ మాటే అంటే నర్సు పిల్ల
నవ్వాలో ఏడవాలో తెలియక
దూది డబ్బా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

మందు ఎక్కించిన నెలల్లో
కొట్టు తలుపు తీస్తే చాలు
పచ్చి వాసన గొంతుకు అడ్డం పడేది.
ముప్పై రెండేళ్లుగా అది నా ఒంటి వాసన.
నా వాసనకే నాకు కడుపులో తిప్పింది.

డాక్టర్ బెంతాంకోర్ మంచిది, మాట పొదుపు.
"పళ్లెంలో సగానికి పైగా మొక్కలుండనీ జుల్మా.
పప్పులు, ఆకులు, పొట్టు తీయని గింజలు."
"తింటే అది తిరిగి రాదా?"
ఆవిడ కలం మూత బిగించింది.
"ఆ మాట నేనివ్వలేను. ఎవరైనా ఇస్తే నమ్మకు.
మాత్ర మానకు, రోజూ నడువు.
గుండె ఉంది, ఎముకలున్నాయి,
ఇంకా బతకాల్సిన ఒళ్లుంది. దానికి పెట్టు."

దానికి పెట్టు.
గుమ్మంలో నిలబడ్డ వీధికుక్కకి
పెట్టమన్నట్టు.

మొదటి వారమే పప్పులో కాలేశాను.
శనగలు నానబెట్టాలని నాకెవరు చెప్పారు?
మూడు గంటలు ఉడికినా తుపాకీ గుళ్లే.
కుండెడు ఆకుకూర వేస్తే గుప్పెడు మిగిలింది.
నా తూకంలో ఇంత తరుగు
ఎన్నడూ రాలేదు.

కొట్లో కుర్రాడు డార్విన్
"ఏంటమ్మా, నువ్వూ గడ్డి తింటున్నావా" అని
నవ్వబోయి, నా తలగుడ్డ చూసి
నేల తుడవడం మొదలెట్టాడు.
ఊళ్లో వాళ్లు గొంతు తగ్గించి అనుకున్నారు:
పాపం, జుల్మా ఆకులూ అలములూ తింటోందట.
పోయినవాళ్ల గురించి చెప్పే గొంతు అది.

గురువారం సంతలో ఓల్గా.
ఇరవై ఏళ్లు ఎదురెదురుగా బతికాం,
ఆమె దగ్గర నేను కొన్నది ఉల్లిపాయలే.
"ఆవుని విప్పేదానివి,
గుమ్మడికాయ కోయలేవా" అంది.
కోయలేకపోయాను.
ఎడమ చెయ్యి వాచి బరువుగా ఉంది,
గుమ్మడికాయకి కీలు లేదు,
ఎక్కడ కొట్టాలో వేళ్లు చెప్పలేదు.
ఓల్గా తన చెయ్యి నా చేతిమీద పెట్టి నొక్కింది.
లోపల పసుపు. నెత్తురు లేని పసుపు.
ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.
"శనగలు రాత్రే నానెయ్యి, మొద్దూ" అంది పోతూ.

మాంసం మానేశానని అబద్ధం చెప్పను.
మనవరాలి పుట్టినరోజు నిప్పుల దగ్గర
వేలెడంత ముక్క తిన్నాను, కళ్లు మూసుకుని.
మిగిలిన పళ్లెమంతా
అదే నిప్పుల మీద కాలిన వంకాయ, ఎర్ర మిరప.
పొగకి పక్షపాతం లేదు.

ఇప్పుడు కొట్టు వెనక పొయ్యి మీద
మసూరు పప్పు కుతకుతలాడుతుంటుంది.
మొన్న ఓ కొత్తావిడ కిలో పక్కటెముకలు కొని
చిల్లర తీసుకుని కూడా కదల్లేదు.
కనుబొమ్మలు పెన్సిలుతో గీసుకుంది, ఒకటి కాస్త పైకి.
"ఆ కుండలో ఏంటి" అంది.
రెండు గిన్నెలు తీశాను.

రేపు ఉదయం నాకు స్కానింగు.
నిద్ర రాదని తెలుసు.
లేచి, దీపం వేసి,
నీళ్లలో శనగలు పోశాను.
చిన్న రాళ్లలా అడుక్కి చేరాయి.
ఒక గుప్పెడు చాలు నాకు.
రెండు వేశాను,
ఎల్లుండికి కూడా.